కొండ ఊళ్ళో కాపురం

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన రేడియో ప్రసంగ పాఠం)



ఉద్యోగస్తుల ఇళ్ళల్లో బదిలీ అన్న మాట వినపడగానే ఆడవాళ్ళకు ముందు గుర్తొచ్చేది సామాను కాదు, పిల్లల చదువు. పట్నం నుంచి పట్నానికి బదిలీ అయితే ఆ దిగులు నెలా రెండు నెలల్లో తీరిపోతుంది. మైదానం నుంచి ఏజెన్సీకి, అందులోనూ రోడ్డు చివర ముప్ఫై నలభై గడపలున్న కొండ ఊరికి బదిలీ అయిందంటే మాత్రం ఇంట్లో పెద్ద చర్చే లేస్తుంది. “ఆయన్ని ఒక్కణ్ణీ పంపించు, నువ్వు పిల్లలతో ఇక్కడే ఉండు” అని పుట్టింటివారంటారు. “పెద్దదాన్ని హాస్టల్లో వేసి, చిన్నవాణ్ణి మా దగ్గర వదిలెయ్యండి” అని అత్తగారంటారు. “అక్కడ అన్నీ జ్వరాలేనట!” అని ఇరుగుపొరుగులు బెదరగొడతారు. వెళ్ళాలా, మానాలా, వెళితే పిల్లల్ని తీసుకుని వెళ్ళాలా అన్న ప్రశ్న చివరికి తల్లి నెత్తిన పడుతుంది. ఈ విషయమే ఈ వేళ మీతో నాలుగు మాటలు మాట్లాడదామని వచ్చాను.

నేను చెప్పేది విశాఖ మన్యం సంగతి. 2022 ఏప్రిల్ 4 నుంచి ఆ ప్రాంతం పాడేరు ముఖ్యపట్టణంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. మావారు ఉపాధ్యాయులు. ఇద్దరు పిల్లలతో పాడేరుకు అవతల ఒక చిన్న ఊళ్ళో ఆరు సంవత్సరాలు కాపురం చేశాం. మేము వెళ్ళేటప్పటికి అమ్మాయికి ఎనిమిదేళ్ళు, అబ్బాయికి అయిదేళ్ళు. అందుచేత నేను చెప్పేదాంట్లో పుస్తకాల్లో చదివింది కొంత, అనుభవం మీద తెలిసింది కొంత ఉంటుంది.

ముందుగా ఆ ప్రాంతం ఎలాంటిదో చెబుతాను. విశాఖపట్నం నుంచి నూరు కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. అందులో కొంత మామూలు రోడ్డు, మిగతాది ఘాట్ రోడ్డు. అరకు, పాడేరు ప్రాంతాలు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటాయి. చింతపల్లి మండలంలోని లంబసింగి ఇంకా ఎత్తు. అక్కడ పుష్యమాసపు చలికి గడ్డి మీద మంచు పేరుకుంటుంది. వేసవిలో పగలు ఎండ కాసినా రాత్రి దుప్పటి కావాలి. వానాకాలం మాత్రం చాలా పొడుగు. జ్యేష్ఠంలో మొదలైన ముసురు ఒక్కోసారి దీపావళి దాకా వదలదు. ఊళ్ళ మధ్య ఏరుల్ని అక్కడ గెడ్డలంటారు. మామూలు రోజుల్లో పాదం తడవని గెడ్డ, కొండ మీద ఒక గంట వాన పడితే మనిషి లోతున పారుతుంది. మీకు ఊరు ఇచ్చారనగానే ముందు తెలుసుకోవలసింది ఈ గెడ్డ సంగతి. ఊరికి, ఆసుపత్రికి మధ్య ఎన్ని గెడ్డలున్నాయి, వాటిలో ఎన్నిటి మీద వంతెన ఉంది? స్కూలెంత దూరం, బజారెంత దూరం అన్నవి ఆ తరవాత అడగవచ్చు.

ఇక పిల్లల్ని తీసుకువెళ్ళడమా, వదిలిపెట్టడమా అన్న ప్రశ్న. అందరికీ ఒకే జవాబు లేదండి. పిల్ల తొమ్మిదో తరగతిలోనో పదో తరగతిలోనో ఉంటే మధ్యలో కదపడం మంచిది కాదు. ఆస్తమా వంటి జబ్బున్న పిల్లవాడికి ఆ ముసురూ ఆ చలీ పడవు. నెల నెలా డాక్టరు చూడవలసిన బిడ్డను తీసుకుని రోడ్డు లేని ఊరికి వెళ్ళమని నేను చెప్పను. అటువంటి అడ్డేదీ లేక, పిల్లలు పదేళ్ళ లోపు వాళ్ళయితే మాత్రం తీసుకుని వెళ్ళండనే నా సలహా. ఎందుకంటారా?

మొదటి కారణం మనకి సంబంధించింది. తండ్రి కొండ మీద, తల్లి కొండ కింద, పిల్ల హాస్టల్లో ఉంటే ఒక సంసారం మూడు సంసారాలవుతుంది. మూడు చోట్ల ఖర్చు, మూడు చోట్ల దిగులు. నెలకి రెండుసార్లు వచ్చిపోయే తండ్రిని పిల్లలు చుట్టాన్ని చూసినట్టు చూస్తారు.

రెండో కారణం ఆ ఊరికి సంబంధించింది. కాపురం కింద పెట్టుకున్న ఉద్యోగి రోజూ బస్సుకో మోటారు సైకిలుకో అంటుకుని ఉంటాడు. పొద్దున్న పది దాటితేగాని పైకి చేరడు. మూడు కొట్టేసరికి దిగే బస్సు కోసం చూస్తాడు. వాన పడితే ఆ వేళ బడి లేనట్టే. ఒక్క మేస్టారే ఉన్న బడిలో ఆయన రాకపోతే తలుపే తియ్యరు. నర్సు ఊళ్ళో ఉండకపోతే రాత్రి నొప్పులొచ్చిన మనిషికి దిక్కెవరు? అలాగని ప్రతి ఉద్యోగినీ తప్పు పట్టడం లేదు. ఉండడానికి ఇల్లు లేని ఊళ్ళున్నాయి, ఒంటరి ఆడపిల్లలు ఉద్యోగానికి వెళ్ళే ఊళ్ళూ ఉన్నాయి. వాళ్ళ కష్టాలు వాళ్ళవి. కాని ఉండగలిగిన వాళ్ళు ఉంటే ఆ ఊరి పిల్లలకి ఆరు రోజుల చదువు ఆరు రోజులూ దక్కుతుంది. మన పిల్లలు కూడా అదే బడిలో, అదే చాప మీద కూర్చుంటే మేస్టారికి శ్రద్ధ ఇంకొంచెం పెరుగుతుంది. ఇది మా ఇంట్లో చూసిన సంగతే!

వెళ్ళాలని నిశ్చయించుకున్నాక సామాను దగ్గరకొద్దాం. బీరువాలు, సోఫాలు కిందనే వదిలెయ్యండి. ఇంటిల్లిపాదికీ దోమతెరలు, ఒకటి రెండు ఎక్కువే తీసుకువెళ్ళండి. ఉన్ని బట్టలు, రబ్బరు చెప్పులు, ఒక్కొక్కరికీ వాన కోటు ఉండాలి. ఆ ఎత్తులో నీళ్ళు కొంచెం తక్కువ వేడికే మరుగుతాయి కనుక పప్పు తొందరగా ఉడకదు, కుక్కరు తప్పనిసరి. గ్యాసు బండ అయిపోతే రెండో బండ ఎప్పుడొస్తుందో చెప్పలేం. అందుకని కట్టెల పొయ్యి రాజెయ్యడం అలవాటు చేసుకోవాలి. వానాకాలానికి కావలసిన కట్టెలు, ఉప్పు, పప్పు, నూనె వైశాఖంలోనే చేర్చుకోవాలి. సెల్ ఫోను సిగ్నలు ఏ రాతి మీద నిలబడితే అందుతుందో మొదటి రోజునే అడిగి తెలుసుకోండి. కరెంటు పోతే రెండు మూడు రోజులు రాకపోవచ్చు, సోలారు దీపం ఒకటి దగ్గరుంచుకోండి. పిల్లల టీకాల కార్డు, బడి సర్టిఫికెట్లు తడవని సంచీలో పెట్టండి. నీళ్ళు ఊటబావివి ఎంత తేటగా కనిపించినా పిల్లలకు కాచి చల్లార్చే ఇవ్వండి.

ఇదంతా ఒకరు చెప్పకపోయినా నాలుగు రోజుల్లో తెలిసిపోయేదే. అసలు కష్టం మనుషుల మధ్య మెలగడం. పట్నంలో పక్క వాటాలో ఎవరున్నారో ఏడాదికిగాని తెలియదు. ముప్ఫై గడపల ఊళ్ళో అలా కుదరదు. మీరు దిగిన సాయంత్రానికే మీ సామానులో ఎన్ని బిందెలున్నాయో, మీవారు మీతో ఎలా మాట్లాడతారో, మీ అబ్బాయి అన్నం తినేటప్పుడు ఎంత మారాం చేస్తాడో ఊరందరికీ తెలిసిపోతుంది. తలుపు తట్టి రావడమన్న అలవాటు అక్కడ లేదు. పొద్దున్నే గుమ్మంలో ఇద్దరు ముసలమ్మలు కూర్చుని మీరు కాఫీ కలపడం చూస్తూ ఉంటారు. మొదట్లో ఇది మనకి ఇబ్బందిగానే ఉంటుంది. వాళ్ళకి మాత్రం కొత్త మనిషిని పలకరించకుండా వదిలెయ్యడమే మర్యాద తక్కువ పని. చుట్టూ కూర్చున్నారంటే మిమ్మల్ని చూసుకుంటున్నారని అర్థం.

వాళ్ళు కొత్తవారిని మొదట కొంచెం అనుమానంగా చూస్తారు. దానికి కారణం ఉంది. పైనుంచి వచ్చినవాళ్ళు కొండవాళ్ళకి చేసిన మేలు తక్కువ, చేసిన కీడు ఎక్కువ. శిస్తు వసూలు చేసేవాడు, అప్పిచ్చి పంట ఎత్తుకుపోయేవాడు, అడవిలో అడుగు పెట్టవద్దనేవాడు, అందరూ కింద నుంచి వచ్చినవాళ్ళే. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించినప్పుడు సరైన కూలి ఇవ్వకుండా కొండవాళ్ళ చేత పని చేయించారు. 1922లో అల్లూరి సీతారామరాజు వెనక మన్యం లేవడానికి ఆ కడుపుమంట ఒక కారణం. ఇది నూరేళ్ళ నాటి మాట కదా అనుకోవద్దు. తాతలు చెప్పిన కథలు ఆ ఊళ్ళల్లో ఇంకా బతికే ఉన్నాయి. మనం మంచివాళ్ళమా కాదా అన్నది మన మాటల్ని బట్టి తేల్చరు. రెండు వానాకాలాలు చూసి తేలుస్తారు.

అందుచేత కొన్ని మర్యాదలు పాటించాలి. వెళ్ళిన వారంలోనే ఊరిపెద్ద ఇంటికి ఇద్దరూ వెళ్ళి కనపడండి. పండగల రోజులు పెట్టే దిసారి, ఊళ్ళో కబురు చాటే బారికి, వీళ్ళని తెలుసుకోండి. మీకన్నా పెద్దదాన్ని ‘అప్పా’ అని, ఇంకా పెద్దావిడని ‘అమ్మా’ అని పిలవండి. ‘ఏమే’, ‘ఒసే’ అనే పిలుపులు కొండ కిందనే వదిలిపెట్టండి. చదువుకున్న కుటుంబాల్లో కూడా కొందరు వయసులో పెద్ద ఆడమనిషిని ఏకవచనంతో పిలిచి నీళ్ళు తెమ్మనడం నేను చూశాను. ఆవిడ తెచ్చిస్తుంది, ఏమీ అనదు. ఆ ఇంటి గడప మాత్రం మళ్ళీ తొక్కదు. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు చోడి అంబలి ఇస్తే తాగండి. గిన్నెతో చిక్కుళ్ళు పంపిస్తే ఆ గిన్నె ఖాళీగా తిప్పి పంపకండి. వాళ్ళ బట్టల్ని, ఒంటి మీది పచ్చబొట్లని, ముక్కు కమ్ముల్ని వింతగా చూసి ఫోనుతో ఫొటోలు తియ్యకండి. మన పెళ్ళిలో పరాయివాడొచ్చి మనల్ని అలా తీస్తే ఊరుకుంటామా?

తిండి సంగతి ఒక్కటి చెప్పాలి. చోళ్ళు, సామలు, కొర్రలు అక్కడ ఇంటి పంటలు. మనం పట్నంలో డబ్బులు పోసి చిన్న ప్యాకెట్లలో కొనుక్కునే చిరుధాన్యాలు ఇవే. రాజ్‌మా, పసుపు, అల్లం, పిప్పళ్ళు, మిరియాలు పండుతాయి. కార్తీక మార్గశిరాల్లో వలిసెలు పూస్తే కొండవాలు అంతా పసుపు ఆరబోసినట్టుంటుంది. వారానికొకసారి సంత. అది ఒక్క బజారే కాదు, చుట్టాల్ని కలిసే చోటు, పెళ్ళి మాటలు నడిచే చోటు. సంత రోజున బడికి పిల్లలు తక్కువ వస్తారని మీవారు చిరాకు పడితే సర్ది చెప్పండి. సంతలో బేరం ఆడండి కాని, పది కిలోమీటర్లు కావిడి మోసుకొచ్చిన మనిషి దగ్గర చీపురుకట్టకి రెండు రూపాయలు తగ్గించమని గంటసేపు సతాయించకండి. కొండచీపుర్లు, చింతపండు, తేనె, కరక్కాయలు కొనడానికి 1956 నుంచి గిరిజన సహకార సంస్థ ఉంది. అది పెట్టిందే దళారుల చేతిలో వాళ్ళు మోసపోకుండా ఉండడానికి.

కాఫీ తోటల గురించి మీరు వినే ఉంటారు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్ల మీదికి మిరియం తీగ, ఇదీ ఆ తోటల పద్ధతి. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చలికాలంలో కాఫీ పళ్ళు కోతకొస్తే ఇంటిల్లిపాదీ తోటల్లోనే ఉంటారు. ఆ రోజుల్లో ఎవరింట్లోనూ పగలు మనిషి దొరకరు. మనకి కబుర్లకి తోడు లేదని బాధ పడకుండా, ఒక పూట బుట్ట పట్టుకుని మనమూ వెళితే వాళ్ళు ఎంత సంతోషిస్తారో చెప్పలేను. పిల్లలకి ఆ పళ్ళు కొయ్యడం ఆటలాగే ఉంటుంది.

ఇక పిల్లలు. పెద్దవాళ్ళం రెండేళ్ళకి అలవాటు పడితే, పిల్లలు రెండు వారాల్లో అలవాటు పడతారు. అక్కడి భాషలు అనేకం. భగతలు, వాల్మీకులు తెలుగు మాట్లాడతారు. కోటియా వారిది ఆదివాసీ ఒడియా. కోందులది కువి. కొండదొరల్లో, గదబల్లో, పోర్జాల్లో సొంత భాష నిలుపుకున్నవారు ఇప్పటికీ ఉన్నారు. మా చిన్నవాడు మొదటి నెలలోనే నీళ్ళని ‘పాణి’ అని అడగడం మొదలుపెట్టాడు. మా అత్తగారు ఫోనులో విని, “వీడు తెలుగు మరిచిపోతాడే తల్లీ!” అని కంగారు పడ్డారు. ఏ పిల్లవాడూ ఇంట్లో మాట్లాడే భాష మరిచిపోడు. పైగా రెండో భాష వచ్చిన వాడికి మూడోది తేలిక. ఇంకొక సంగతి ఆలోచించండి. మన పిల్లవాడు ఆటల్లో కొత్త భాష నేర్చుకుంటున్నాడు, వాడికి వెనక తల్లిదండ్రుల చదువుంది. అక్కడి పిల్ల మొదటిరోజు బడికొచ్చి, అర్థం కాని తెలుగులో అఆలు దిద్దాలి. ఆ పిల్ల కష్టం ఎంతో మన పిల్లల్ని చూశాక నాకు తెలిసివచ్చింది. ఈ కష్టం గుర్తించే 2004లో ఆంధ్రప్రదేశ్‌లో కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర, కోయ మొదలైన ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు తెచ్చి చదువు మొదలుపెట్టారు. ఏ ఊళ్ళోనైనా మేస్టారి భార్య ఆ భాషలో నాలుగు మాటలు నేర్చుకుంటే బడికొచ్చే పసిపిల్లలకి బెరుకు సగం తగ్గుతుంది.

మన పిల్లలకి ముందే చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. కొండవాళ్ళకి కొత్త పంటంటే దేవుడి సొత్తు. మామిడికాయ చెట్టుకి వేలాడుతున్నా, మామిడి కొత్త పండగ చేసి దేవుడికి పెట్టేదాకా నోట పెట్టరు. కొర్ర కొత్తా అంతే. పట్నం పిల్లలు చెట్టు చూస్తే రాయి విసురుతారు కదా, ఈ పద్ధతి ముందుగా చెప్పి తీసుకెళ్ళండి. చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్ళు వేటకి వెళ్ళే పండగ అది. ఇప్పుడు వేట పేరుకే మిగిలింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు, పిల్లలు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయే బళ్ళని ఆపి పండగ మామూలు అడుగుతారు. విసుక్కోకుండా పది రూపాయలు ఇచ్చి నవ్వుతూ వెళ్ళాలి. రాత్రి ధింసా ఆడతారు. ఆడవాళ్ళందరూ ఒకరి నడుము వెనక ఒకరు చేతులు కలిపి గొలుసులాగ తిరుగుతారు. డప్పు, తుడుము, కిరిడి, మోరి మోగుతుంటే ఎనభై ఏళ్ళ అమ్మ దగ్గరనుంచి ఎనిమిదేళ్ళ పిల్లదాకా అందులో చోటుంటుంది. మా అమ్మాయిని చెయ్యి పట్టి లాగి ఆ వరసలో నిలబెట్టిన రోజునుంచి అది ‘మేస్టారి గుంట’ కాకుండా ఊరి గుంట అయింది.

ఇప్పుడు అందరూ భయపడే జ్వరాల సంగతి. భయం అబద్ధం కాదు. మన్యంలో మలేరియా ఉంది. వానలు మొదలైన దగ్గరనుంచి చలికాలం దాకా ఏ జ్వరాన్నీ ‘జలుబు జ్వరమే’ అని తేలిగ్గా తియ్యకూడదు. వేలు మీద చుక్క రక్తం తీసి పావుగంట ఇరవై నిమిషాల్లో చెప్పే పరీక్ష ఆశా కార్యకర్తల దగ్గర ఉంటుంది. మలేరియా అని తేలితే దాని రకాన్ని బట్టి మూడు రోజులో, పధ్నాలుగు రోజులో మందులుంటాయి. జ్వరం తగ్గింది కదా అని మధ్యలో మానకూడదు. ఇంటి గోడలకి దోమల మందు కొట్టడానికి వస్తే తలుపులు వేసుకోకండి. కొట్టించుకున్నాక రెండు మూడు నెలలు గోడలు అలకడం, సున్నం వెయ్యడం ఆపండి. మందు గోడ మీద ఉంటేనే పని చేస్తుంది. దోమతెర మంచం చుట్టూ పరుపు కిందికి దోపి మరీ కట్టాలి.

మూడో ఏడు భాద్రపదంలో మా అబ్బాయికి రాత్రి చలి జ్వరం వచ్చింది. ఆశా కార్యకర్త మా వీధిలోనే ఉంటుంది. లాంతరు పట్టుకుని వచ్చి పరీక్ష చేసింది, మలేరియా అని తేలింది. మాత్ర వేస్తే వాంతి చేసుకున్నాడు. మళ్ళీ వేస్తే మళ్ళీ వాంతి. వాడు కళ్ళు తేలేస్తున్నాడు. బయట వాన, గెడ్డ పొంగింది. ఆసుపత్రి అవతలి గట్టున పన్నెండు కిలోమీటర్లు. ఫోను అందలేదు. మావారు గుమ్మంలోకి వచ్చి పిలవలేదండి, మా ఇంట్లో దీపం వెలుగుతోందని చూసి వాళ్ళే వచ్చారు. ఆరుగురు మగవాళ్ళు తాడు పట్టుకుని గెడ్డలోకి దిగారు. ఒకాయన పిల్లవాణ్ణి భుజాన వేసుకుని గిడుగు కప్పి, తాడు పట్టుకుని దాటించాడు. అవతలి ఊళ్ళో ఒక కుర్రాడి మోటారు సైకిలు మీద తెల్లారేసరికి ఆసుపత్రి చేరాం. సెలైను పెట్టారు, ఇంజెక్షనిచ్చారు, నాలుగో రోజుకి లేచి కూర్చున్నాడు. తిరిగొచ్చాక మావారు ఆ మోసుకొచ్చినాయన చేతిలో డబ్బు పెట్టబోతే, “మీ వోళ్ళయితే డబ్బులిచ్చి మోయించుకుంటారేటి, మేస్టారూ?” అన్నాడు. మావారు ఆ డబ్బు జేబులో పెట్టుకుని వాళ్ళింట్లో అంబలి తాగి వచ్చారు.

ఈ సంగతి ఎందుకు చెప్పానంటే, దగ్గరగా అల్లుకున్న ఊరంటే ఇదీ అని చెప్పడానికి. మన గుట్టు దాగని ఊళ్ళో మన కష్టం కూడా దాగదు. అయితే ఈ కథలో రెండో వైపు కూడా చూడాలి. మా పిల్లవాడికి దక్కిన వైద్యం కోసం తాడు పట్టుకుని గెడ్డ దాటవలసి వచ్చింది. ఆ ఊళ్ళో నెలలు నిండిన ఆడమనిషి ప్రతి వానాకాలం అదే గెడ్డ డోలీలో దాటుతోంది. మేము ఆరేళ్ళుండి దిగిపోయాం, ఆవిడ అక్కడే ఉంటుంది. కాబట్టి చదువూ, అర్జీ రాయడం వచ్చినవాళ్ళం అక్కడ ఉన్నన్నాళ్ళూ వంతెన కోసమో, రోడ్డు కోసమో గ్రామసభలో ఊరివాళ్ళు అడిగినప్పుడు కాగితం రాసి పెట్టడం మన బాధ్యత. ముందు నడవవలసింది వాళ్ళే, మనం పక్కన నిలబడితే చాలు.

చెయ్యకూడని పని ఒకటి ఉంది. చల్లటి చోటు, చవకగా వస్తుంది, ఒక అరెకరం కొని కాఫీ వేసుకుందామన్న ఆశ కొందరికి పుడుతుంది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనకూడదు. 1959 నాటి నిబంధనను 1970లో గట్టిపరిచారు, దాన్నే 1/70 చట్టం అంటారు. పనిమనిషి పేరుతోనో, తెలిసినవాడి పేరుతోనో బినామీగా కొనడం చట్టానికే కాదు, అన్నం పెట్టిన ఊరికి ద్రోహం. బొర్రా ప్రాంతంలో గనుల కోసం భూములు కౌలుకిచ్చిన సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1997లో సమతా కేసు తీర్పు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి గనుల కోసం కౌలుకివ్వకూడదని ఆ తీర్పు చెప్పింది. ఈ సంగతి మన ఆడవాళ్ళకి తెలిసి ఉంటే ఇంట్లో మగవాళ్ళ ఆశకి అడ్డం చెప్పవచ్చు. వడ్డీకి డబ్బు తిప్పడం కూడా అటువంటిదే. అవసరానికి వంద రూపాయలు చేబదులిచ్చి పంట ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెడితే, కింద నుంచి వచ్చిన పాత షావుకారికీ మనకీ తేడా ఉండదు.

కొండ ఆడవాళ్ళ నుంచి మనం నేర్చుకోవలసింది కూడా ఉంది. అక్కడ చాలా తెగల్లో పెళ్ళికొడుకు వైపు వాళ్ళే పిల్లవారికి వోలి ఇచ్చుకుంటారు. మా చెల్లెలి పెళ్ళికి కట్నం ఇస్తున్నామని చెబితే పక్కింటి అప్ప, “పిల్లనిచ్చి డబ్బూ ఇస్తారా? ఆ కుర్రోడికేటి లోపం?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అలాగని అక్కడి ఆడవాళ్ళకి కష్టాలు లేవని కాదు. నీళ్ళు, కట్టెలు, పొలం, సంత అన్నీ వాళ్ళ నెత్తి మీదే. సారాకి సంసారాలు చెడినవి కూడా చూశాను. ఇంటి గొడవ ఊరి ముందుకొస్తే కూర్చుని మాట్లాడుకునే పద్ధతి వాళ్ళకి ఉంది. మనం తీర్పు చెప్పబోకూడదు. ఊళ్ళో రెండు పార్టీలున్నా ఒకరి మాట ఇంకొకరికి మొయ్యకూడదు. చిన్న ఊళ్ళో చెప్పిన మాట సాయంత్రానికి చుట్టు తిరిగి మన గుమ్మంలోకే వస్తుంది.

ఒంటరితనం గురించి దాచకుండా చెప్పాలి. ఆషాఢం, శ్రావణం ముసురులో బట్టలు ఆరవు, కరెంటుండదు, పుట్టింటివాళ్ళ గొంతు పది రోజులు వినపడదు. మొదటి ఏడు అదే బాధ. దానికి మందు పని. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళతో కలిసి అడ్డాకు విస్తళ్ళు కుట్టడం నేర్చుకున్నాను, సాయంత్రం ఆడపిల్లల్ని కూర్చోబెట్టి లెక్కలు చెప్పాను. నెలకొకసారి దిగి పాడేరులో నాలాంటి ఇద్దరు గృహిణుల్ని కలిసేదాన్ని. ఇటువంటి ఏర్పాటు ఎవరికి వారు చేసుకోవాలి. భర్త కూడా ఈ సంగతి గ్రహించాలి. బడి చూసుకోవడమే కాదు, వానాకాలం సాయంత్రాలు ఇంట్లో కూర్చుని భార్యతో నాలుగు మాటలు మాట్లాడాలి.

పిల్లలు పోగొట్టుకునేవి కూడా ఉన్నాయి. సంగీతం మేస్టారుండడు, గ్రంథాలయం ఉండదు. పోటీ పరీక్షల హడావిడి తెలియదు. దిగి వచ్చాక మా అమ్మాయి ఇంగ్లీషులో ఒక ఏడాది వెనకబడింది, తరవాత అందుకుంది. కిందకి ఎప్పుడు దిగాలన్నది ముందే అనుకుని ఉంచుకోవడం మంచిది. మేము అమ్మాయి తొమ్మిదో తరగతికి దిగాలని మొదటే నిశ్చయించుకున్నాం, అలాగే దిగాం. నెల రోజుల ముందునుంచి ఊళ్ళో అందరికీ చెప్పి, ఇంటింటికీ వెళ్ళి కనపడి మరీ వచ్చాం. చెప్పకుండా లారీలో సామానెక్కించుకు పోయే ఉద్యోగస్తుల గురించి అక్కడి వాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు.

వాళ్ళు సంపాదించుకున్నవి మాత్రం ఏ బడిలోనూ దొరకవు. చీకటంటే భయం పోయింది. పెద్ద చిన్న చూడకుండా అందరి ఇళ్ళల్లో తినడం అబ్బింది. గిరిజనులంటే సినిమాల్లో ఈకలు పెట్టుకుని గంతులేసేవాళ్ళు కాదని, తమతో గోళీలాడిన స్నేహితులని తెలిసింది. ఇప్పుడు కాలేజీలో ఎవరైనా కొండవాళ్ళని హేళనగా మాట్లాడితే మా అమ్మాయి అక్కడికక్కడే అడ్డం చెబుతుంది.

సోదరీమణులారా! మీలో ఎవరి ఇంటికైనా అటువంటి బదిలీ ఉత్తరం వచ్చి ఉంటే, వెంటనే ‘వద్దు’ అనకండి, వెంటనే ‘సరే’ అని కూడా అనకండి. భర్తతో కలిసి ఒక్కసారి ఆ ఊరు వెళ్ళి, వీలయితే వానాకాలంలో వెళ్ళి, ఒక రాత్రి ఉండి రండి. గెడ్డ చూడండి, బడి చూడండి, నీళ్ళెక్కడివో చూడండి, ఆ ఊరి ఆడవాళ్ళ పక్కన కాసేపు కూర్చోండి. ఆ తరవాత మీ పిల్లల వయసూ ఆరోగ్యమూ ఆలోచించుకుని మీరే నిర్ణయించుకోండి. వెళ్ళేటట్టయితే దోమతెరలు మరిచిపోకండి.

శలవు.